నీ పేరు పక్కన మూడు టిక్కులు

చిరంజీవి బొంగరానికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం, మీరిద్దరూ అలాగే ఉన్నారని తలుస్తాను. కులాసా అన్న మాట చేయి అలవాటుకొద్దీ రాసేసింది. మీ పిన్ని పోయి రెండు నెలలైంది, నాకింకా ఏడుపు రాలేదు. పొద్దున లేస్తాను, పని చేసుకుంటాను, పడుకుంటాను. ఏమీ అనిపించడం లేదు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మీ నాన్న మోకాలు కాస్త నయం. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నారని, మెట్ల మీదే కూర్చుని పేపరు చదువుతున్నారు. "ఎక్కొద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదుగా" అని వాదన. నేను వేళకే తింటున్నాను. ఏం తిన్నావని అడిగితే మాత్రం గుర్తుండదు. పిన్ని బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. దాని కళ్లజోడు మా బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా దాన్నీ తుడిచి మళ్లీ అక్కడే పెడుతున్నాను.

ఇక నువ్వు అడిగిన స్కూలు కాగితం సంగతి. పిన్నికొచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నీకూ వస్తుందేమోనని మీ ఆయన బెంగపడుతున్నాడని రాశావు. "చిన్నప్పుడే హెచ్‌పీవీ టీకా మూడు డోసులూ వేయించుకున్నాను, స్కూలు గుమాస్తా కూతుర్ని, నాకేం భయం" అని అతన్ని వెక్కిరించావట. ఆ ధైర్యంతోనే డాక్టరమ్మ చెప్పిన క్యాన్సర్ పరీక్ష రెండేళ్లుగా వాయిదా వేస్తున్నావట. ఆవిడకు చూపించడానికి రికార్డు నకలు పంపమన్నావు.

మంగళవారం స్కూలుకు వెళ్లాను. నేను ఇరవై రెండేళ్లు కూర్చున్న కిటికీ పక్క బల్ల దగ్గర ఇప్పుడొక కొత్త గుమాస్తా ఉంది. "రండి మేడమ్, మీ రిజిస్టర్లు చూసే నేను పని నేర్చుకున్నా" అంది. వెతికి, ఆ ఏటి టీకాల రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. నలభై రెండు పేర్లు, పేరుకు మూడు గళ్లు, ఒక్క ఖాళీ లేదు. పదిహేడో పేరు నీది.

అప్పట్లో తల్లిదండ్రుల చేత అంగీకార పత్రాలు నింపించే పని నాది. సంతకం పెట్టనివాళ్ల ఇళ్లకు నేనే వెళ్లేదాన్ని. రేపు పిల్లలు పుట్టరట అని ఒకరు, ఎక్కడో ఎవరికో కాళ్లు పడిపోయాయట అని ఒకరు. టైలరమ్మ అయితే మిషను ఆపి, "మీ అమ్మాయికి వేయిస్తున్నారా లేదా, అది చెప్పండి ముందు" అని నిలదీసింది. "మొదటి సూది దానికేనమ్మా" అన్నాను. ఆవిడ అక్కడికక్కడే సంతకం పెట్టింది.

ఇప్పుడు రాయబోయేది ఫోనులో రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ మీ నాన్న మోకాలి సంగతి చెప్పి పెట్టేశాను. బొంగరం, నీకు ఆ టీకా వేయించలేదు. ఒక్క డోసు కూడా.

ఆ రోజు నీకు జ్వరమని ఇంట్లో ఉంచేశాను. జ్వరం లేదు. పుకార్లు నమ్మొద్దని ఇల్లిల్లూ తిరిగినదాన్ని, ఆ పుకార్లన్నీ అందరికంటే ఎక్కువ విన్నది నేనే. వినీ వినీ భయం నాకే పట్టుకుంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని. సాయంత్రం హెడ్మిస్ట్రెస్ "ఒక ఖాళీ ఉందేం?" అంటే, "ఆస్పత్రిలో వేయించేశానండీ" అని అప్పటికప్పుడు టిక్కు పెట్టాను. మొదటిది పెట్టాక రెండోదీ మూడోదీ పెట్టక తప్పలేదు. ఆ రెండు డోసుల రోజుల్లోనూ నిన్ను పిన్ని ఇంటికి పంపాను. బడి ఎగ్గొట్టించినందుకు నువ్వు నా మెడ పట్టుకుని ముద్దు పెట్టావు. నీకు గుర్తున్న సూది నొప్పి ధనుర్వాతం ఇంజక్షనుది.

ఆఖరి వారంలో పిన్ని మంచం పక్కన కూర్చుని ఉంటే, "దానికి వేయించావుగా అక్కా, నాకు అదొక్కటే నిమ్మళం" అంది. తల ఊపాను. అప్పటినుంచే నేనిలా ఉన్నాను.

ఆస్పత్రిలో పిన్ని ఉన్న వార్డు నర్సమ్మను ఎవరి కోసమో అన్నట్టు అడిగి వచ్చాను. "ముప్పై ఒకటా? ఇరవై ఆరు దాటితే అందరినీ వేసుకోమనరండీ. నలభై అయిదు దాకా డాక్టరుతో మాట్లాడుకుని వేసుకోవచ్చు. చిన్నప్పుడు వేసినంత లాభం ఉండదు. అప్పటికే ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ సోకి ఉంటే దాన్ని పోగొట్టదు, కొత్తగా రాబోయేవాటిని ఆపొచ్చు" అంది. ఆగి నా మొహం చూసింది. "టీకా వేసుకున్నవాళ్లు కూడా పరీక్ష మానకూడదు. వేసుకోనివాళ్ల సంగతి చెప్పాలా? ముందు మీ అమ్మాయికి పరీక్ష చేయించండి" అంది. మా అమ్మాయని నేను చెప్పనే లేదు.

నకలు పంపడం లేదు. రిజిస్టరులో ఆ మూడు టిక్కుల మీద గీత గీసి, పక్కన 'వేయలేదు' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. "అయ్యో మేడమ్, పాత రికార్డు ముట్టుకోకూడదు!" అని కొత్త గుమాస్తా నా చేయి పట్టుకుంది. "అబద్ధం రాసిన రోజు ఎవరూ పట్టుకోలేదమ్మా" అన్నాను. ఆ తర్వాత బస్సెక్కి ఇంటికొచ్చి, ఆరేసిన బట్టలు మడత పెట్టాను.

డాక్టరమ్మకు ఈ ఉత్తరమే చూపించు. ఈ వారంలోనే వెళ్లు. పరీక్ష చేయించుకో, టీకా సంగతి కూడా ఆవిడతోనే మాట్లాడు. నా మీద కోపం ఎన్నాళ్లయినా ఉంచుకో, దానికి తొందర లేదు. క్షమించమని అడగడానికి కూడా నాకిప్పుడు నోరు రావడం లేదు. ఫలితం వచ్చాక నాతో మాట్లాడాలనిపించకపోతే మీ నాన్నకు ఫోను చెయ్యి. ఆయన ఎవరితో మాట్లాడినా స్పీకరు పెట్టి, వీధంతా వినేలాగే మాట్లాడతారు. నేను వంటింట్లో ఉంటాను. వినిపిస్తుంది.

ఇట్లు,
అమ్మ