గంగవాయిలి మీద రెండు వాక్యాలు

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. నీ మరిది ఆసుపత్రిలో ఉన్నాడు. సోమవారం బస్సు డిపోలో మెట్లెక్కుతూ కుప్పకూలాడు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పిందట. "ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. గంగవాయిలి కూర అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

డిపో గోడ వెంట సిమెంటు పగుళ్లలో మొలిచే ఆ ఎర్రకాడల మొక్కను ఆయన నెల రోజులుగా సంచినిండా కోసుకొస్తున్నాడు. గుండెకు మంచిది, బీపీకి మంచిది, పైసా ఖర్చు లేదు అని నువ్వు ఆదివారం పేపర్లో రాశావు కదా. ఆ ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టాడు. రెండు పూటలా నేనే వండాను, అక్క రాసిందని. రెండేళ్లుగా ఆయన కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి. బడిలో మొక్కల పాఠం చెప్పుకునేదానివి, నీకెందుకు వైద్యం? ఇక మా ఇంటికి రాకు.

నీ చెల్లెలు

---

చెల్లీ,

తిట్టావు, పడ్డాను. కానీ ఆయనకు కిడ్నీ జబ్బని నాకు తెలిసింది నీ ఉత్తరంలోనే. రెండేళ్లు పరాయిదాన్ని చేసి, ఇప్పుడు నేరం నా నెత్తిన రుద్దుతావా? పూర్తి పేజీ పంపుతున్నాను. చివరి రెండు వాక్యాలు నీ దర్జీ కళ్లద్దాలు పెట్టుకుని చదువు: "కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ ఆకు తినకూడదు. రాళ్లున్నవాళ్లు కూడా." నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. నీ దగ్గరున్న ముక్క చూసుకో.

అక్క

---

అక్కా,

చూశాను. అడుగున కత్తెర గీత వంకరగా ఉంది. మంచం పక్కన కూర్చుని అడిగితే ఆయన గోడవైపు తిరిగాడు. "నేనే కత్తిరించాను. అది చూస్తే నువ్వు వండవు. వచ్చే నెల డ్రైవర్లకు వైద్య పరీక్ష. బీపీ తగ్గి గట్టెక్కుతానేమోనని ఆశపడ్డాను" అన్నాడు. చప్పిడి తిండి తిని తిని విసిగిపోయిన మనిషి. మందులూ నమ్మలేదు, నన్నూ నమ్మలేదు. నీ రాతలో నచ్చిన సగాన్ని నమ్మాడు.

నీకెందుకు చెప్పలేదో కూడా విను. అమ్మ పోయినప్పుడు నన్ను చూసినట్టే మళ్లీ చూస్తావని. ఆ జాలి నాకు చెంపదెబ్బలా ఉంటుంది. నీ మీద కోపం ఇంకా పోలేదు.

ఆయనను బస్సు నుంచి తప్పించి టికెట్ కౌంటర్లో వేస్తామన్నారు. ఒప్పుకున్నాడు. రేపటి నుంచి నేను కుట్టు దుకాణం తెరవాలి, పగలు ఆయన దగ్గర ఎవరూ ఉండరు. తొమ్మిదికల్లా ఆసుపత్రికి రా. ఏమీ చెప్పకు, ఏమీ తేకు. ఊరికే కూర్చో.

చెల్లెలు