మీటని ఐదో తీగ

చిరంజీవి పెద్దోడికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాళ్లు మెట్లెక్కమని మొండికేశాయి గానీ నోటికేం ఢోకా లేదు. నువ్వు పంపిన వాద్యం బుర్రకు కొత్త తోలు బిగించాను. ఇంకో రెండు రోజులు నీడలో ఆరాలి, తొందరపెట్టకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ గురువారం వాద్యకారుల పెద్దలు మళ్లీ కూర్చుంటారని, పోయినసారి కూర్చున్నప్పుడు మీ చిన్నాన్న కూతురికి మన ఇంటి వాద్యకారుల వరసలో చోటివ్వకూడదని నువ్వే ముందు లేచి అన్నావని రాశావు. "మన ఇంటి బాణీలో ఐదో తీగ మీటరు, ఆ పిల్ల మీటుతోంది, అది మన విద్య కాదు" అన్నావట. దానికి పెద్దలు నా చేతిరాతతో సాక్ష్యం అడిగారట. ఆ పిల్ల ఏడుస్తూ కూడా ఆ తీగ వదల్లేదని రాశావు చూడు, అది చదివాకే ఈ కలం పట్టాను.

ఒరేయ్, కోపం కాసేపు పక్కన పెట్టి చదువు. నీకు ఏడాది నిండని రోజుల్లో వాద్యానికి మెడ చెక్కుతుంటే ఉలి జారి నా ఉంగరపు వేలి నరం తెగింది. వేలు పైకి బాగానే ఉంది, మీటే బలం మాత్రం పోయింది. వేలు చెడినవాడు వాద్యాన్ని తమ్ముడికి అప్పగించాలన్నది మన ఇంటి కట్టుబాటు. నాకు మనసొప్పలేదు. ఆ వేలితో మీటాల్సిన ఐదో తీగను వదిలేసి వాయించడం మొదలుపెట్టాను.

మీ చిన్నాన్న ఇట్టే కనిపెట్టాడు. "అన్నయ్యా, ఐదో తీగ ఏదీ?" అని నలుగురిలో అడిగేశాడు. "ఇదే అసలు బాణీ, నాన్న చివర్లో నాకొక్కడికే చెప్పాడు" అని అబద్ధమాడాను. పెద్దవాణ్ని కదా, అందరూ నా మాటే నమ్మారు. వాడు బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. కన్నుమూసేదాకా మన గడప తొక్కలేదు.

నువ్వు నా చేయి చూసి నేర్చుకున్నావు. నీ వేలికి ఏ దెబ్బా లేదురా, అయినా దాన్ని ముడిచిపెట్టే వాయిస్తావు. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో! ప్రతిసారీ సిగ్గుపడి మాట మార్చేశాను.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పెద్దల ముందు ఒక్క ముక్క వదలకుండా నువ్వే చదువు. నా పరువు సంగతి నాకొదిలెయ్. నీ తలా వంగుతుందని తెలుసు, దానికి నేనేం చేయలేను. చదివాక ఆ పిల్ల పక్కన కూర్చుని, ఐదో తీగ ఎలా మీటాలో అడుగు. నీకు నేర్పగలిగినవాళ్లు మన ఇంట్లో ఇక ఆ పిల్ల ఒక్కతే.

ఇట్లు,
నీకు తప్పు నేర్పిన
నాన్న