యాదమ్మ అడిగిన రెండో నంబరు

అశోక్‌నగర్, హైదరాబాద్
ఆదివారం

అక్కకు, నీ చెల్లెలు సుజాత నమస్కారాలతో రాసేది.

అక్కడ నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమమే. ఉత్తరం చూసి కంగారుపడకు, నాకేమీ కాలేదు. ఫోన్లో చెబితే మధ్యలో ఏడుస్తాను. హాస్టల్ గదిలో మిగతా ముగ్గురూ పోటీ పరీక్షలకు చదువుకుంటుంటారు, వాళ్ల ముందు ఏడవడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

సరిగ్గా తింటున్నావా అని అడుగుతావు కదా, తింటున్నాను. హాస్టల్ సాంబారుకు పేరొక్కటే సాంబారు, అయినా తింటున్నాను. వానలు మొదలయ్యాయి. చిక్కడపల్లిలో మా ఆఫీసు మెట్ల దాకా నీళ్లు వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతున్నాను. జలుబు లేదు, బెంగపడకు.

నా ఉద్యోగం ఏమిటో బావగారికి ఇప్పటికీ అంతుపట్టలేదన్నావు. కిడ్నీలు పాడైన వాళ్లకు డయాలసిస్ చేసే చిన్న సెంటర్లకు మా కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఎవరు ఏ రోజు, ఏ గంటకు రావాలో అందులో ఉంటుంది. రోగులకు మెసేజ్ కూడా అదే పంపుతుంది. దాన్ని వాడేవాళ్లు ఫోన్ చేసి ఇది బాగాలేదు, అది కావాలి అంటారు. విన్నవన్నీ ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించడం నా పని. ఆ చీటీల వరసనే బ్యాక్‌లాగ్ అంటారు. నీకు ఆ మాట వింటే నా ఇంజినీరింగ్‌లో తప్పిన సబ్జెక్టులు గుర్తొస్తాయి, నవ్వుకో. రెండు వారాలకోసారి పైనున్న చీటీలు తీసి ప్రోగ్రామర్లు పని మొదలుపెడతారు. ఏది పైకి వెళ్లాలో చీటీ మీద పెట్టిన చుక్కలు చెబుతాయి. అడిగిన ఒక్కో సెంటరుకు ఒక చుక్క. ఎక్కువ చుక్కలుంటే పైకి, లేకపోతే కిందికి. ఈ పద్ధతి పెట్టింది నేనే అక్కా. మా కంపెనీ సార్ మెచ్చుకున్నారని ఆ మధ్య నీకు గొప్పగా ఫోన్ చేశానే, అది దీని గురించే.

నారాయణగూడ సెంటర్లో రిసెప్షన్ చూసుకునేది యాదమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ ఒకటే మాట.

"బిడ్డా, పేషెంట్‌కు ఒక్క నంబరే రాసేటట్టు పెట్టిండ్రు. ఇంకో నంబరుకు జర జాగ పెట్టుండ్రి. సగం మందికి సొంత ఫోనే లేదు. కొడుకుదో అల్లునిదో ఇస్తరు. వాళ్లేమో డ్యూటీల ఉంటరు. నా నోట్‌బుక్కుల పక్కింటోళ్ల నంబర్లు గూడ ఉంటుండె. కంప్యూటర్ వచ్చినంక మేనేజర్ సారు అది బంద్ చేపిచ్చిండు."

"రాసుకున్నానమ్మా" అనేదాన్ని. రాసుకున్న మాట నిజమే. కానీ ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే సెంటరు, ఒకటే చుక్క. అదే సమయంలో ఆరు సెంటర్ల యజమానులు తెర మీద రంగురంగుల గ్రాఫులు కావాలన్నారు. ఆరు చుక్కలు. గ్రాఫులు చేశాం. యాదమ్మ చీటీ కిందికి జారిపోతూ వచ్చింది. చివరికి ఆమె ఫోన్ వస్తే నాకు విసుగొచ్చేది కూడా, నీ దగ్గర దాచను.

పోయిన నెల ఒక బుధవారం బంద్ అన్నారు. సిబ్బంది రాలేరని సెంటరు వాళ్లు ఆ రోజు రావాల్సిన వాళ్లందరినీ మంగళవారానికి మార్చారు. మా సాఫ్ట్‌వేర్ అందరికీ మెసేజ్ పంపింది. వాళ్లలో నర్సింహగారని ముషీరాబాద్ టైలర్, అరవై ఏళ్ల మనిషి. ఆయన పేరు కింద ఉన్నది కొడుకు నంబరు. కొడుకు లారీ మీద దూరం వెళ్లాడు, ఫోన్ ఆగిపోయి ఉంది. మంగళవారం ఆయన రాకపోతే యాదమ్మ ఆ నంబరుకే చేసీ చేసీ ఊరుకుంది. ఇంకో నంబరు లేదు మరి. బుధవారం బస్సులు లేవు, ఆటోలు లేవు. ఆయన ముషీరాబాద్ నుంచి నడిచి వచ్చాడు. షట్టర్ వేసి ఉంది. కాసేపు మెట్ల మీద కూర్చుని, మళ్లీ నడిచి వెళ్లాడట. డయాలసిస్ తప్పేసరికి ఒంట్లో నీరు చేరి, గురువారం మధ్యాహ్నం ఊపిరాడక, ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు అక్కా. అయినా కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. తింటున్నానని పైన రాసింది సగమే నిజం.

రోగికి కబురు చెప్పలేదని యాదమ్మను పనిలోంచి తీసేస్తానన్నాడు సెంటరు మేనేజరు. నెలల తరబడి అడుగుతూనే ఉన్నానని ఆమె మొత్తుకుంది. నిజమేనా అని ఆయన మాకు మెయిల్ పంపాడు. అలాంటి వాటికి జవాబు రాసేది నేనే. సార్ నన్ను పిలిచి మెల్లగా చెప్పారు.

"రాతపూర్వకంగా మాకేమీ రాలేదని రాసెయ్యమ్మా. అబద్ధం కాదుగా, ఆవిడ ఫోన్లోనేగా చెప్పింది. మనమే ఒప్పుకుంటే మిగతా సెంటర్లు కూడా వెళ్లిపోతాయి. అందరం రోడ్డున పడతాం."

సాయంత్రం దాకా ఆ మెయిల్ తెరిచి కూర్చున్నాను. చేతులు రాలేదు. గోడ మీది చీటీ పీకి, నారాయణగూడ నడిచివెళ్లి మేనేజరు చేతిలో పెట్టాను. నా చేతిరాత, మొదటిసారి అడిగిన తేదీ, ఒకే ఒక్క చుక్క. "ఆమె తొమ్మిదిసార్లు అడిగింది సార్, ఆపింది నేను" అన్నాను. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు దగ్గర నిలబడ్డ యాదమ్మతో, "సరే, పోయి నీ కుర్చీల కూసో" అన్నాడు. అంతే. నర్సింహగారి పేరు ఎవరూ ఎత్తలేదు.

సార్ నాతో మాట్లాడడం మానేశారు. ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. రెండో నంబరు పని మాత్రం చేయించారు. ఎంతసేపు పట్టిందో తెలుసా? ఉదయం మొదలుపెడితే భోజనాల వేళకు అయిపోయింది.

ఆ తర్వాత యాదమ్మ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. సోమవారం నేనే వెళ్లి, ఇంకేమైనా మార్చాలా అని అడిగాను.

"ఏం లేదు మేడం. అంత మంచిగనే ఉన్నది" అంది. మునుపు బిడ్డా అనేది. నేను చూస్తుండగానే ఆమె ముందున్న తెర రెండుసార్లు బిగుసుకుపోయింది. ఒక్క మాట అనకుండా, రెండుసార్లూ కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టుకుంది.

బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. జవాబు రాసేటప్పుడు అందరం బాగున్నామని ఒక్క ముక్కతో సరిపెట్టకు అక్కా. ఏది బాగాలేదో రాయి. ఎన్నిసార్లు చెప్పినదైనా సరే, మళ్లీ రాయి.

నీ దీవెన కోరుకునే చెల్లెలు,
సుజాత