మీ గోలేంటి?

చిరంజీవి చిట్టికి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ చిన్నమ్మమ్మా క్షేమం. ఈ మాట ఊరికే రాసే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. నాకు రక్తపోటు అదుపులో ఉంది. మా చెల్లికి దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడ మీ ఇద్దరూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అందులో ప్రశ్నలు నాలుగు. మూడింటికి వరసగా జవాబు రాస్తాను. నాలుగోది, అంటే వచ్చే నెల నువ్వు మళ్ళీ ఉద్యోగంలో చేరితే పాపను చూసుకోవడానికి నేను వస్తానా, రానా అన్నది కాస్త నింపాదిగా రాయాలి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యం కూడా పూర్తి చేయనివ్వవు.

స్నానాల గది గోడకు చెమ్మ తగ్గిందా అని అడిగావు. ప్లంబరు వచ్చి పైపు బాగుచేశాడు, గోడ పగలగొట్టాడు. ఇప్పుడు మేస్త్రీ కోసం చూస్తున్నాం.

రెండోది, నువ్వు పంపిన వాచీ. రోజుకు పదివేల అడుగులు నడవమని అందులో పెట్టి పంపావు. నడక మంచిదే, కాదనను. కానీ వాచీ లెక్క తప్పు. మొన్న మీ చిన్నమ్మమ్మ దాన్ని చేతికి పెట్టుకుని, కుర్చీలోంచి కదలకుండా పక్కింటావిడతో చేతులు తిప్పుతూ గంటసేపు మాట్లాడింది. అదంతా నడకే అని వాచీ రాసేసుకుంది. మా ఆఫీసులో ఇలాంటి లెక్క రాసినవాళ్ళకు మెమో ఇచ్చేదాన్ని. వాచీ సొరుగులో ఉంది.

మూడోది, మీ ఆయన మాటకు కోపం వచ్చి మీ ఇంటి నుంచి అనుకున్నదానికంటే రెండు వారాల ముందే తిరిగి వచ్చేశానా అని. అతను అన్నది, "అమ్మమ్మగారూ, మీరుంటే ఇల్లు ఆడిట్ ఆఫీసులా ఉంది" అని. ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. ఈ విషయం మీద మీ ఇద్దరికీ మాటలు తగ్గాయని రాశావు. అతని తప్పేమీ లేదు. ఈ ఉత్తరం అందగానే వెళ్ళి మాట్లాడు. నేను వచ్చేయడానికి కారణం వేరు. అది ఇంతవరకు ఒక్కరికే చెప్పాను, అదీ పొరపాటున.

మా వీధి చివర ఫిజియోథెరపీ క్లినిక్ ఒకటి తెరిచారు. మోకాళ్ళ కోసమని వెళ్ళాను. చెల్లి తోడు వచ్చింది, అంటే చోద్యం చూడ్డానికి వచ్చింది. అక్కడున్న అమ్మాయికి నీ వయసే ఉంటుంది. పేరు, వయసు రాసుకుని, తల ఎత్తకుండానే, "మీ గోలేంటి అమ్మమ్మగారూ?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నాకు మనవరాలు ఒక్కతే, అది నువ్వు కాదు. డబ్బు కట్టి వచ్చినవాళ్ళని మీ గోలేంటని అడుగుతారా? ఎవరు నేర్పారమ్మా నీకీ మర్యాద?" అన్నాను.

ఆ పిల్ల కలం వదిలేసి బిత్తరపోయింది. చెల్లి పక్కన బెంచీ మీద పడి పడి నవ్వుతోంది. "అక్కా, గోల కాదే, గోల్! లక్ష్యం, లక్ష్యం! ఏం సాధిద్దామనుకుంటున్నావని అడుగుతోంది."

"అయితే లక్ష్యం అనొచ్చుగా."

"లక్ష్యం ఏంటని అడిగితే ఐఏఎస్ అనుకుంటారు మేడమ్," అంది ఆ పిల్ల, అప్పటికి తేరుకుని. అమ్మమ్మగారూ అనడం మానేసింది, గమనించాను. "బరువు తగ్గాలా, మెట్లెక్కాలా, ఇంత దూరం నడవాలా, అలాంటిది."

"పదివేల అడుగులు," అన్నాను.

"అది ఎవరి గోల్ మేడమ్?"

"మా మనవరాలిది."

"ఆవిడ వచ్చినప్పుడు ఆవిడ చేత నడిపిద్దాం. మీది చెప్పండి. పోనీ, మీ గోలే చెప్పండి. అందులోంచి గోల్ నేను రాసుకుంటాను."

చెల్లిని మంచినీళ్ళు తెమ్మని బయటికి పంపి, చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను, కంగారు పడకుండా చదువు.

మీ ఇంట్లో ఉండగా ఒక మధ్యాహ్నం మీరిద్దరూ బ్యాంకు పని మీద వెళ్ళారు. నేను హాల్లో దుప్పటి పరుచుకుని, పాపను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. అది నిద్ర లేచి ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది. పాలసీసా ఎదురుగా బల్ల మీదే ఉంది. లేవబోయాను. లేవలేకపోయాను. పాపను దుప్పటి మీద పడుకోబెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి చూశాను. నడుము లేచింది కానీ మోకాళ్ళు నా మాట వినలేదు. అది గుక్కపట్టి ఏడుస్తోంది, నేను దాని పక్కనే కూర్చుని చూస్తున్నాను. చివరికి కూర్చునే జరుగుతూ జరుగుతూ సోఫా దాకా పోయి, దాన్ని పట్టుకుని లేచాను.

పాపకు ఏమీ కాలేదు. పాలు తాగి నవ్వింది కూడా. మీరు వచ్చి ఎలా ఉందని అడిగితే బంగారంలా ఉందన్నాను. ఆ రాత్రి పడుకున్నాక, అప్పుడు పొయ్యి మీద ఏదైనా ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. పొద్దున్నే ఇంటి పన్ను వంక చెప్పి బయల్దేరాను. నీకు చెబితే ఇక పాపను నా చేతికి ఇవ్వవేమోనని భయపడ్డాను చిట్టీ. అసలు సంగతి అంతే.

ఆ అమ్మాయి అంతా విని, కాగితం మీద ఒకే వాక్యం రాసి నా వైపు తిప్పింది: 'నేల మీద నుంచి లేవాలి, పాపను ఎత్తుకోవాలి.' నేను 'ఎవరి సాయం లేకుండా' అని చేర్పించాను.

పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. కూర్చున్నచోటు నుంచి నేరుగా లేవబోవడమే నేను చేసిన పొరపాటట. ముందు పాపను కింద పడుకోబెట్టాలి. పక్కకు తిరిగి మోకాళ్ళ మీదికి రావాలి, ఒక పాదం ముందుకు వేసి, కుర్చీ మీద చెయ్యి ఆనించి లేవాలి. పాపను ఎత్తుకోవడం ఆ తర్వాత, అదీ నడుముతో కాదు, మోకాళ్ళు వంచి. రోజూ పొద్దున కాఫీకి ముందు చేస్తున్నాను. చెల్లి కుర్చీ కదలకుండా పట్టుకుంటుంది.

"ఒంటె లేచినట్టు లేస్తున్నావే అక్కా, విడతలు విడతలుగా."

"నువ్వు కుర్చీ పట్టుకో. వ్యాఖ్యానం ఎవరూ అడగలేదు."

"ఇంత సులువైన పనికి ఫీజు కూడానా? చూడు, నేనెలా లేస్తానో." అని కూర్చుని స్ప్రింగులా లేచింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, ఆ సంగతి మరిచిపోతుంది.

మొదట్లో రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. తర్వాత ఒక చెయ్యి చాలింది. మొన్న బుధవారం చెల్లి ఫోను మోగిందని లోపలికి వెళ్తే, దాని కోసం చూడకుండా కుర్చీ ముట్టుకోకుండానే లేచాను. అది వచ్చి, "ఏదీ, మళ్ళీ లే, నేను చూళ్ళేదు" అంది. ఇదేమన్నా సర్కసా అన్నాను. అది వెళ్ళాక గది తలుపు వేసుకుని మళ్ళీ ఒకసారి లేచి చూశాను, నిజమేనా కాదా అని.

ఇక నాలుగో ప్రశ్నకు జవాబు. వస్తాను. నువ్వు ఉద్యోగంలో చేరడానికి వారం ముందే వస్తాను. ఆ వారమంతా నువ్వు ఇంట్లో ఉండి నన్ను చూడు, నేలమీంచి లేవడం, పాపను ఎత్తుకోవడం, అన్నీ. నీ మనసుకు కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పు. పాపను క్రెష్‌లో చేర్పించు, నేను సాయంత్రాలు దానితో కూర్చుంటాను, ఏమీ అనుకోను. హాల్లో చక్రాలు లేని గట్టి కుర్చీ ఒకటి వేయించు. మీ ఆయనకు ఈ ఉత్తరం చూపించు. ఆడిట్ ఆఫీసు మళ్ళీ తెరుస్తున్నామని చెప్పు.

ఒక్క వివరం కావాలి. ఇక్కడ పాప లేదు కాబట్టి నా నిఘంటువు మొదటి సంపుటాన్ని తువ్వాలులో చుట్టి ఎత్తడం సాధన చేస్తున్నాను. మీ చిన్నమ్మమ్మ దానికి జోల కూడా పాడుతోంది. కూరగాయలవాడి తక్కెడలో తూయించాను. నేను చూసివచ్చిన పాపకు అది సరిపోతుంది, కానీ పాప అప్పటి పాప కాదు కదా. కిందటి వారం డాక్టరు దగ్గర తూచినప్పుడు ఎంత ఉందో రాయి. ఉజ్జాయింపుగా వద్దు, బట్టలతో కలిపి తూచింది అసలు వద్దు. రెండో సంపుటం కూడా చుట్టాలేమో చూసుకుంటాను.

ఇట్లు,
నీ అమ్మమ్మ,
పాపకు తాతమ్మ