యెరికో కేకకు ముందు

దోహా, 1996, శుక్రవారం రాత్రి

నేను కారు నడిపే ఫ్రెంచి సారు వయసంతా చర్చి పాటలకు బాణీలు కట్టి, ఇప్పుడు ఇక్కడి బడిలో పిల్లలకు సంగీతం చెబుతున్నారు. ఈస్టరుకు మా తెలుగువాళ్ల ప్రార్థన కూడికకు ఒక పాట నేర్పమని నేనే బతిమాలి తెచ్చాను. తీరా ఆయన నన్నే ఆపారు.

"బ్రదర్, ఇక్కడ నాలుగు బీట్లు మౌనం. అదీ పాటే."

ప్రతిసారీ ఆ మౌనంలో నేను హల్లెలూయా అనేశాను.

"తమ్ముడూ, బ్రేకు నీ కారుకేనా, నోటికి లేదా?" అని మాతో పాడే మరియమ్మక్క అందరినీ నవ్వించింది.

సారు కాగితాలు సర్దుకున్నారు. "నువ్వు ఆగితేనే మళ్లీ వస్తాను."

ఒళ్లు మండింది. స్తుతికి బ్రేకేమిటి? యెరికో గోడలు కూల్చిన కేకను చూపించి వాదిద్దామని గదికి రాగానే బైబిలు తెరిచాను. కేకకు ముందు ఆ జనం ఆరు దినాలు నోరు మెదపకుండా పట్టణం చుట్టూ తిరిగారట! ఇన్నేళ్లూ కేక మీదే ప్రసంగించాను.

ఇప్పుడు మంచంకోడు మీద వేలితో తాళం వేసి చూశాను. మూడో బీటుకే నోరు తెరుచుకుంది...