లేలండ్ ఆ మర తిప్పకూడదు

మైల్స్ సిటీ, మంగళవారం

అమ్మా, ప్రాణాలకేం భయం లేదు. మంచుకి మీ ఫోను తీగలు తెగాయన్నారు, అందుకే ఈ కార్డు.

హాగెన్ వాళ్ళింటి వేలంలో, తుపాకీ సీసపు గుండ్లకు గ్రీజు పూసి సైజు చేసే పాత యంత్రాలు రెండు కొన్నాను కదా. తమ్ముడు లేలండ్ యంత్రం మీకు రైల్లో వేసి, ఆదివారం నాది బాగుచేయడానికి కూర్చున్నాను. లోపలి గ్రీజు రాయిలా బిగుసుకుపోయింది. పొయ్యి పక్కన వెచ్చబెట్టి, గ్రీజును నెట్టే మరను రెంచితో తిప్పాను. పెద్ద చప్పుడుతో ఇనుప గొట్టం చీలిపోయింది. గ్రీజులో తూటాల అడుగున పెట్టే పేలుడు బిళ్ళలున్నాయి. అవి నలిగితే పేలతాయి.

పోయిన హాగెన్ గారి భార్య వెర్నాని అడిగాను. ఆవిడ అల్లిక కూడా ఆపలేదు.

"యుద్ధం రోజుల్లో బిళ్ళలు దొరికేవా నాయనా? మా తమ్ముళ్ళు ఎత్తుకుపోతారని ఆయన గ్రీజులో దాచేవాడు."

"అమ్మేటప్పుడు చెప్పొద్దటమ్మా?"

"నువ్వు అడిగావా?"

"రెండోదాంట్లో కూడా ఉన్నాయా?"

"అందులోనే ఎక్కువ."

లేలండ్ దాన్ని ముట్టుకోకూడదు. వేడి చెయ్యకూడదు, మర తిప్పకూడదు. రైల్లో వచ్చిన ఆ యంత్రం పెట్టె కొట్టంలో పెట్టి, రెంచి నీ దగ్గర దాచు. శనివారం నేనే వస్తాను.

ఎర్రావు ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? పిన్నిని అడిగానని చెప్పు.

రాత నీ కోడలు మార్తాదని పోల్చే ఉంటావు. నేను చెబుతుంటే రాస్తోంది. లేలండ్ నవ్వి కొట్టిపారేస్తే, నా కుడిచేతి బొటనవేలు ఇక లేదని చెప్పు.

నీ కొడుకు,
నెల్స్