పాలు ఒక్కపొద్దుకు అడ్డం కాదు

3 జూన్, మంగళవారం, సాయంత్రం

నాకు చదువు రాదు. నా కోడలు నిర్మలకు వస్తుంది. డాక్టరు చెప్పాడని రోజూ నా కొడుకు ఎంత తిన్నాడు, ఎంత పడుకున్నాడు, ఏం మాట్లాడాడు అని మూడ్ చార్ట్ రాస్తుంది. రాసేటప్పుడు నా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది.

సరే. మా కారు నడిపే నిజాముద్దీన్ నా ఫోన్‌లో మైకు గుర్తు చూపించాడు. దాన్ని ఒత్తి మాట్లాడితే అక్షరాలవుతాయట. ఆమె తరఫు ఆమె రాసుకుంటోంది కదా, నా తరఫు నేను చెప్పుకుంటాను. ఎవరు చదువుతారో నాకు అక్కర లేదు. నేనైతే చదవలేను.

నా కొడుకు విద్యాధర్‌కు బైపోలార్ జబ్బు. పైకి లేచినప్పుడు నీళ్లున్న చేనులోనే మళ్ళీ మళ్ళీ బోర్లు వేయిస్తాడు, ఊరందరికీ విందు పెడతాడు. పడిపోయినప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఉగాది నుంచి గోడ వైపే ఉన్నాడు. గోలీలు మార్చారు, పెంచారు. లేవలేదు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక దవాఖానలో కీటమిన్ ఇస్తున్నారు. ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందే, తక్కువ డోస్‌లో సెలైన్ లాగా ఎక్కిస్తారు. గోలీలు ఆపొద్దట. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. పరగడుపున పోవాలి.

ఈరోజు మొదటిది. లక్సెట్టిపేట నుంచి తెల్లవారుజామునే బయలుదేరాం. లోపలికి ఒక్క అటెండెంటే రావాలె అని నర్సు అతియా అన్నది. నేను కుర్చీలోంచి లేచేసరికి నిర్మల లోపల ఉంది.

బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. కన్నది నేను. కూర్చున్నది ఆమె.

4 జూన్, బుధవారం

లేచి గడ్డం గీసుకున్నాడు.

6 జూన్, శుక్రవారం

రెండో డోస్ అయింది. తలుపు తీసుకుని నడుచుకుంటూ వచ్చాడు, నిర్మల భుజం మీద చెయ్యి వేసి. నవ్వాడు. నన్ను చూసి కాదు.

వచ్చేటప్పుడు రాయపట్నం బ్రిడ్జి మీద అడిగాను, ఏం కనవడ్తది బిడ్డా లోపట అని. ఏం లేదవ్వా అన్నాడు. ఏమీ లేకపోతే నిర్మల ముఖం ఎందుకట్లా ఉంది? ఆమెకు ఏదో చెప్పాడు. కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చుంది, దాచుకున్నదాన్ని చూసుకున్నట్టు.

వీణ్ణి మొదటిసారి నాగపూర్ దవాఖానకు తీసుకుపోయింది నేను. అప్పటికి ఈమె ఈ ఇంటికి రానే లేదు. శనివారాలు ఒక్కపొద్దులున్నది నేను. తలకు నూనె పెట్టి, నోట్లో ముద్ద పెట్టి, గోడ వైపు తిరిగిన వీపుతోనే ముచ్చట్లు చెప్పింది నేను. నా చేతికి లేవనివాడు ఒక చిన్న సీసాలోని మందుకు లేచాడు. ఆ సీసా మీద కూడా నాకు కోపమే. సంతోషం లేదా అంటే ఉంది. ఈ రెండూ ఒకే కడుపులో ఎట్లా పడతాయో డాక్టరును అడగాలి.

8 జూన్, మిరుగం

మృగశిర కార్తె మొదలైంది, మిరుగం నాడు చేపలు తినాలి. పులుసు నేను పెట్టాను. నిర్మల నాలుగు ముక్కలు వేయించింది. వేయించినవే మళ్ళీ అడిగాడు.

పత్తి గింజలు అచ్చినయా అని కూడా అడిగాడు. ఎవరిని? ఆమెను. చేను నా పేరు మీద ఉంది.

10 జూన్, మంగళవారం, పొద్దున

అత్తమ్మా, ఆయనకేం పెట్టకుండ్రి, కడుపు ఖాళీ ఉండాలె అని నిర్మల నిన్న చెప్పింది. ఈరోజు మళ్ళీ చెప్పింది. నా వంటింట్లో నిలబడి నాకు చెప్తోంది.

ఉపాసం సంగతి నాకు చెప్పేంతటిదా? ఒక్కపొద్దంటే బువ్వ ముట్టద్దు. పాలు అడ్డం కాదు, పండు అడ్డం కాదు. నా అత్త అట్లాగే చేసింది, నేనూ అట్లాగే చేశాను, దేవుడు ఏనాడూ కాదనలేదు.

ఆమె స్నానానికి పోయినప్పుడు గ్లాసు నిండా పాలిచ్చాను. ఒక అరటిపండు ఇచ్చాను. వద్దన్నరు గదనే అవ్వా అన్నాడు. పాలే గదరా అన్నాను. నా ముఖం చూసి తాగాడు. చిన్నప్పుడూ అంతే, నేను గ్లాసు పట్టుకుని నిలబడితే తాగేవాడు.

అదే రోజు, మధ్యాహ్నం

అతియా అడిగింది, ఎప్పుడు తిన్నడు అని. రాత్రి నుంచి ఏం ముట్టలే సిస్టర్ అని నిర్మల చెప్పింది. వాడు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

కాసేపటికి లోపల దగ్గు వినిపించింది. తర్వాత పరుగులు. మందు ఎక్కుతుండగా కక్కాడు. మత్తులో ఉన్నవాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోయేదట, కొంచెంలో తప్పిందట. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు బయటికి వచ్చి నిర్మలను అందరి ముందు నిలబెట్టాడు. చెప్పిన మాట వినని ఇంటికి ఈ ట్రీట్‌మెంట్ ఇవ్వలేనన్నాడు, రేపు మనిషి పోతే ఎవరు జవాబు చెప్తారన్నాడు. శుక్రవారం డోస్ లేదు. ఆ తర్వాత ఇవ్వాలో వద్దో చూస్తానన్నాడు.

నిర్మల కొంగు మీద తెల్లగా పడి ఉంది. అవి ఎవరు తాపిన పాలో ఆమెకు తెలియదా? ఒక్కసారి నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు.

ఆమె మాటలు పడుతుంటే నా కడుపులో చల్లగా అయింది. ఇది కూడా రాయి, మైకూ. అబద్ధం ఎందుకు.

13 జూన్, శుక్రవారం

గోడ వైపు.

15 జూన్, ఆదివారం

పత్తికి తెచ్చిన పురుగుల మందు డబ్బాలన్నీ నిర్మల సంచిలో కట్టి కారులో పెట్టించింది. అన్నా, మీ ఇంట్ల తాళమేసి పెట్టు, చెప్పేదాక తేకు అని నిజాముద్దీన్‌తో అన్నది.

మధ్యాహ్నం బువ్వ కలుపుకుని పోయి వాడి పక్కన కూర్చున్నాను. ముద్ద నోటి దగ్గర పెట్టినా తిరగలేదు. గోడతోనే మాట్లాడాడు. అవ్వా, నేను లేకున్నా నిర్మలను ఏమనకే అన్నాడు.

ఇంకో రోజైతే ఆమె పేరు విని నాకు మండేది. ఈరోజు ఆమె పేరు వినిపించలేదు. దానికి ముందున్న మాటే వినిపించింది.

పళ్ళెం అట్లాగే తెచ్చి పెట్టాను. నిర్మల డాక్టరుకు ఫోన్ చేసి బతిమాలుతోంది. మంగళవారం తీసుకురండి, చూద్దాం అన్నాడట.

17 జూన్, మంగళవారం

నేనూ కారెక్కాను. వద్దనే ధైర్యం ఎవరికీ లేదు.

డాక్టరు మళ్ళీ నిర్మలనే పట్టుకున్నాడు. బాధ్యత లేని అటెండెంటును నమ్మి ఎట్లా ఇవ్వమంటారన్నాడు. నేను లేచాను. పాలు తాపింది నేను, పండు పెట్టింది నేను, గామెకు తెల్వది, గామెను అనుడు బంద్ చేయుండ్రి అన్నాను. పాలు ఒక్కపొద్దుకు అడ్డం గాదు, మీ దగ్గర అడ్డమైతే ముందుగాల నాకెవ్వలు చెప్పిండ్రు అని కూడా అడిగాను.

నేనే చెప్పిన గదా అత్తమ్మా, రెండుపార్ల అని నిర్మల మెల్లగా అన్నది.

అతియాకు నవ్వొచ్చింది. అమ్మా, ఇది మీ ఒక్కపొద్దు గాదు, మా రోజా అనుకోండ్రి, పాలూ పండ్లూ అన్ని బంద్ అన్నది. రోజా నాకు తెలుసు. రంజాన్‌లో నిజాముద్దీన్ ఎండలో బండి నడుపుతూ గుటక నీళ్లు ముట్టడు. అట్లా చెప్పి ఉంటే అర్థమయ్యేది.

అర్థమైనా తాపేదాన్నేమో. వాడికి ఆకలని తాపానా నేను?

డాక్టరు ఈరోజు ఏమైనా తిన్నాడా అని నన్నే అడిగి, సరే, ఇస్తానన్నాడు. ఈపారి అత్తమ్మ లోపట కూసుంటది అని నిర్మల అన్నది. నా చోటు నాకు ఆమె ఇచ్చింది. అది గుచ్చుకుంది. గుచ్చుకున్నా పోయాను.

లోపల ఏమీ లేదు. మంచం, మిషన్, సీసా. మందు ఎక్కాక వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడలేదు. చెయ్యి పట్టుకున్నాను. వాడి వేళ్ళు నా చేతిని పట్టలేదు. పేరు పెట్టి పిలవబోతే అతియా పెదవి మీద వేలు పెట్టింది. బీపీ మిషన్ ఒక్కటే అప్పుడప్పుడు చప్పుడు చేసింది.

తేరుకున్నాక అడిగాను, ఎవలున్నరురా అండ్ల అని. ఎవ్వలు లేరవ్వా అన్నాడు. నువ్వు లేవు, నిర్మల లేదు, నేను గూడ లేను, మస్తు నిమ్మళంగ ఉంటది అన్నాడు.

నిర్మల లేదన్న మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.

బయటికి రాగానే ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆగలేకపోయాను. నాకు ఎప్పుడో చెప్పిండు అత్తమ్మా, ఆనాడు బ్రిడ్జి మీదికి రాకముందే చెప్పిండు అన్నది.

అయితే ఆ రోజు ఆమె గోదావరిని చూసింది అందుకు.

20 జూన్, శుక్రవారం, దవాఖానలో

వాడు ఒక్కడే లోపలికి పోయాడు. అతియా ఉంది, చాలు, మీరిద్దరు బయటనే కూసోండ్రి అన్నాడు. గడ్డం గీసుకుని వచ్చాడు.

రాత్రి నుంచి నేనేమీ ముట్టలేదు, పాలు కూడా. నిర్మలకు వినపడేట్టు చెప్పాను. తలుపు మూస్తూ అతియా అన్నది, మీ కోడలు మొదటి దినం నుంచి అట్లనే వస్తుంది అమ్మా, నీళ్లు గూడ తాగది అని.

నాకు చెప్పనే లేదు.

ఇద్దరి కుర్చీల మధ్య నీళ్ల సీసా ఉంది. ముందు నేను తాగను.